ఏడింటి వార్తలు, వెంటనే ముఖాముఖి: కోనసీమలో ఆ అరగంట సంగతి

తమ్ముడూ, నువ్వు అడిగినవి మూడు. చిన్నప్పుడు అమలాపురంలో సాయంత్రం ఏడింటికి లోకల్ కేబుల్లో వార్తలు, వాటి వెనకే ఎవరో ఒకరితో ముఖాముఖి వచ్చేది కదా, ఆ పద్ధతి ఎక్కడ పుట్టింది? ఎందుకు ఆగిపోయింది? మీరు నలుగురు కలిసి యూట్యూబులో మళ్ళీ మొదలుపెట్టాలంటే ఏం చూసుకోవాలి? నేను 1995 నుంచి ఇరవై ఏళ్ళకు పైగా ఆ పనిలోనే ఉన్నాను. కెమెరా పట్టాను, వార్తలు రాశాను, చదివాను, ఎదురుగా కూర్చుని ప్రశ్నలు అడిగాను. నాకు తెలిసినంతా చెప్తాను, కాస్త పెద్దదే అవుతుంది.

ముందు వేళ సంగతి. ఆ కార్యక్రమాన్ని తయారుచేసింది యాంకరూ కాదు, కెమెరా కూడా కాదు. ఆ వేళే. మన డెల్టాలో ఆరున్నరకీ ఏడున్నరకీ మధ్య ఇంట్లో ఏం జరుగుతుందో గుర్తు తెచ్చుకో. పాల కేంద్రంలో పాలు పోసి వచ్చేశారు. కొబ్బరికాయలు దింపే కార్మికులు స్నానాలు చేసి అరుగు మీద కూర్చున్నారు. పొయ్యి మీద ఎసరు మరుగుతోంది. ఆ గంటలోనే ఇంటిల్లిపాదీ మర్నాటి పని అనుకుంటారు. రేపు నాట్లకి ఎంతమంది కూలీలు కావాలి, కాలవలో మన వంతు ఎప్పుడు, కాయ దింపించాలా ఇంకో వారం ఆగాలా. ఇవన్నీ తేలేది అప్పుడే. రాత్రి తొమ్మిదింటి వార్తలు ఇవాళ ఏం జరిగిందో చెప్తాయి. ఏడింటి వార్తలు రేపు ఏం చెయ్యాలో చెప్పాలి. ఈ తేడా పట్టుకున్నవాళ్ళు నడపగలిగారు. పట్టుకోనివాళ్ళు ఊరేగింపులు, శాలువాలు, రిబ్బన్ కటింగులు చూపించి చూపించి మూసేశారు.

ఇది మన దగ్గర పుట్టిన రూపం కాదు. బ్రిటన్‌లో 1957 ఫిబ్రవరి దాకా సాయంత్రం ఆరు నుంచి ఏడు దాకా టీవీ ప్రసారాలే ఉండేవి కావు. తల్లులు చిన్నపిల్లల్ని పడుకోబెట్టుకోవాలని ఆ గంట ఖాళీగా వదిలేసేవారు. ఆ నిబంధన ఎత్తేసిన వెంటనే, ఫిబ్రవరి 18న, బీబీసీ ‘టునైట్’ అనే కార్యక్రమం మొదలుపెట్టింది. క్లిఫ్ మిషెల్‌మోర్ నడిపేవారు. వార్తల మీద మాటలు, మనుషులతో ముఖాముఖి, మధ్యలో పాట. 1965 దాకా నడిచింది. తరవాత 1969లో వచ్చిన ‘నేషన్‌వైడ్’ ఆరింటి వేళ ఏ ప్రాంతం వార్తలు ఆ ప్రాంతానికి ఇచ్చి, అందర్నీ కలిపి మళ్ళీ దేశం సంగతులు మాట్లాడేది. అక్కడ ఆ గంట ఖాళీగా ఉంది కాబట్టే అలాంటి రూపం వచ్చింది. మనకీ దాదాపు అలాగే జరిగింది, కారణం వేరు.

హైదరాబాద్ దూరదర్శన్ 1977 అక్టోబరు 23న మొదలైనా, తెలుగు వార్తలు వచ్చింది 1983 నవంబరు 14న. సాయంత్రం ఏడింటికి. చదివింది శాంతి స్వరూప్ గారు. చదవాల్సింది ఎదురుగా తెర మీద చూపించే ప్రాంప్టర్ లేకుండానే పదేళ్ళ పాటు చదివారాయన. 2024 ఏప్రిల్‌లో పోయారు. ఏడింటికే ఎందుకంటే, 1982 ఆగస్టు నుంచి రాత్రి ఎనిమిదిన్నర దాటితే ఢిల్లీ జాతీయ కార్యక్రమం వచ్చేస్తుంది, ప్రాంతీయ భాషకి మిగిలేది సాయంత్రమే. అంటే ‘ఏడింటికి తెలుగు వార్తలు’ అన్న అలవాటు మనవాళ్ళకి ఢిల్లీ వదిలిన ఖాళీలోంచి వచ్చింది. పదేళ్ళకే అది ఎంత పాతుకుపోయిందంటే, మేం కేబుల్లో వార్తలు మొదలుపెట్టేటప్పుడు ఏ టైము పెడదామని చర్చే జరగలేదు.

కానీ ఆ బులెటిన్‌లో మన ఊరు ఎక్కడుంది? కాకినాడలో కలెక్టరు గారు మాట్లాడితే అది అమలాపురం రావడానికే ఎదుర్లంక దగ్గర గోదావరి దాటించే పంటు ఎక్కాలి. యానాం–ఎదుర్లంక వంతెన 2002లో గానీ రాలేదు. ఇక ఆ క్యాసెట్టు హైదరాబాదు చేరాలంటే రాజమండ్రి బస్సు, అక్కణ్ణుంచి రాత్రి రైలు. తుఫానో వరదో వస్తే తప్ప కోనసీమ ఏడింటి వార్తల్లో కనపడేది కాదు. అందులో హైదరాబాదు తప్పేమీ లేదు, దూరం అలాంటిది.

కేబుల్ వచ్చిన తీరు నీకు తెలిసే ఉంటుంది. 1991 గల్ఫ్ యుద్ధం, ఆ వెనకే స్టార్ టీవీ, డాబాల మీద డిష్‌లు. మా దగ్గర ముందు వచ్చింది సినిమా. కంట్రోల్ రూమ్‌లో వీసీఆర్ పెట్టి, బొమ్మని కేబుల్లోకి ఎక్కించే మాడ్యులేటర్‌కి కలిపి, రాత్రి తొమ్మిదింటికో సినిమా వేసేవారు. 1995లో జెమినీ, ఈటీవీ వచ్చాయి. అదే ఏడు కేబుల్ చట్టం కూడా వచ్చింది. ఆపరేటరు హెడ్ పోస్టాఫీసులో రిజిస్టర్ చేసుకోవాలి, ఏ రోజు ఏం ప్రసారం చేశాడో పుస్తకంలో రాసి ఏడాది పాటు ఉంచాలి. ఆ పుస్తకాల గురించి చివర్లో చెప్తాను.

నేను అప్పుడు పెళ్ళి వీడియోలు తీసేవాణ్ణి. భుజాన వీహెచ్ఎస్ కెమెరా, వెనక లైటు పట్టుకునే కుర్రాడు. కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థం తీసి మర్నాడు సాయంత్రం కేబుల్లో వేస్తే జనం ‘మా ప్రభ కనపడలేదు’ అని ఇంటికొచ్చి అడిగారు. సొంత ఊరు తెరమీద చూడాలన్న ఆకలి అప్పుడు తెలిసింది నాకు. కానీ దాన్ని రోజువారీ వార్తగా మార్చింది పాసర్లపూడి.

1995 జనవరి 8న పాసర్లపూడిలో తవ్వుతున్న గ్యాసు బావి పేలింది. ఆ మంట కొబ్బరి తోటల మీదుగా ఎన్నో మైళ్ళ దూరానికి కనిపించేది. రాత్రిళ్ళు ఎర్రటి వెలుగు, పగలూ రాత్రీ ఒకటే హోరు. చుట్టుపక్కల జనాన్ని ఖాళీ చేయించారు. మార్చి 15న ఆరిపోయే దాకా 65 రోజులు ప్రతి ఇంట్లోనూ అవే ప్రశ్నలు. ఇంకా ఎన్నాళ్ళు? ఇటువైపు వస్తుందా? పిల్లల్ని ఇక్కడే ఉంచాలా, అత్తగారింటికి పంపాలా? పేపరు పొద్దున వస్తుంది, అందులో ఉన్నది నిన్నటి మాట. మాకు ఆ సాయంత్రం మాట కావాలి. అందుకని రోజూ అటువైపు వెళ్ళి, దూరం నుంచి మంట తీసి, ఆ రోజు అక్కడి నుంచి వచ్చినవాళ్ళతో మాట్లాడించి, ఏడింటికి వేసేవాళ్ళం. మొదట పదిహేను నిమిషాలు.

ముఖాముఖి కూడా అక్కడే పుట్టింది. బావి దగ్గర పనిచేసేవాళ్ళు మాట్లాడరు. అధికారులు ‘పరిస్థితి అదుపులో ఉంది’ అంటారు. అప్పుడు మా పేటలోనే ఉన్న ఒక డాక్టరు గారిని తీసుకొచ్చి కుర్చీలో కూర్చోబెట్టి, రోజూ జనం మమ్మల్ని అడిగేవే ఆయన్ని అడిగాం. ఈ హోరుకి పసిపిల్లల చెవులకి ఏమైనా అవుతుందా? గర్భిణులు ఎక్కడుండాలి? బావి నీళ్ళు తాగవచ్చా? ఆయన తెలిసింది తెలుసన్నారు, తెలియంది తెలియదన్నారు. మర్నాడు బజారులో నలుగురు ఆపి ‘ఆ డాక్టరు గారు చెప్పినట్టు చేశాం’ అన్నారు. అప్పుడనిపించింది నాకు, వార్త కంటే ఆ కుర్చీయే ముఖ్యమని.

రోజు ఎలా గడిచేదో కొంచెం చెప్తాను, ఎందుకంటే మీరు ఫోనుతో చేసే పనికి అప్పట్లో ఎంత తతంగం ఉండేదో తెలిస్తే వేళ ఎందుకు అంత ముఖ్యమో అర్థమవుతుంది. మూడున్నరకి క్యాసెట్లన్నీ చేరాలి. రాజోలు, ముమ్మిడివరం, కొత్తపేట, ఎటునుంచైనా ఆర్టీసీ బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపేవారు. కోటిపల్లి వైపు నుంచి వచ్చేది ముక్తేశ్వరం పంటు మీద ఆధారపడి ఉండేది. గోదావరి పోటు మీద ఉంటే ఆ వార్త ఆ రోజుకి లేనట్టే. రెండు వీసీఆర్లు పక్కపక్కన పెట్టి ఒకదాన్నుంచి ఇంకోదానికి ముక్కలు ఎక్కించడమే ఎడిటింగు. ఒక్క ముక్క తప్పు పడితే వెనక్కి తిప్పి మళ్ళీ మొదటి నుంచి. ఆరున్నరకి వార్తలు చదివి రికార్డు చేసి, ఆ క్యాసెట్టు పట్టుకుని కంట్రోల్ రూమ్‌కి పరుగు. చాలా ఏళ్ళ తరవాత గానీ కంప్యూటరు, మినీ డీవీ కెమెరా రాలేదు. ఇక కరెంటు. మన ఊళ్ళో ఉన్నా, దారిలో స్తంభం మీద ఆంప్లిఫయర్ ఉన్న పేటలో పోతే అక్కణ్ణుంచి అవతల ఊళ్ళన్నిటికీ బొమ్మ పోయేది. అందుకే రాత్రి పదింటికి మళ్ళీ వేసేవాళ్ళం. కానీ పదింటిది ఎవరూ చూసేవారు కాదు, అప్పటికి రేపటి పని తేలిపోయింది.

కింద నడిచే స్క్రోలింగ్ గురించి ఒక్క మాట. తప్పిపోయిన గేదె, అద్దెకు ఇల్లు, పెద్దకర్మ ఆహ్వానం, పుట్టినరోజు శుభాకాంక్షలు. జీతాలు దాన్నుంచే వచ్చేవి. వార్తలకంటే దాన్ని ఎక్కువ చదివేవారని నాకు తెలుసు, దాన్ని నేను ఎప్పుడూ తక్కువగా చూడలేదు.

ఇక ప్రశ్న అడగడం. మీకు పనికొచ్చేది ఇదే కాబట్టి కొంచెం నింపాదిగా చెప్తాను. రెండో పంట దాళ్వా చివర్లో, మార్చి నెలాఖరు అనుకో. కాలవలు ఎప్పుడు కట్టేస్తారు, అంటే నీళ్ళు ఎప్పుడు ఆపేస్తారన్నదే డెల్టా అంతటికీ ఒకటే చింత. నీటిపారుదల శాఖ ఇంజనీరు ఒకాయన వచ్చారు. ‘కాలవలు ఎప్పుడు కడతారండీ?’ అన్నాను. ‘పై నుంచి ఉత్తర్వులు రావాలి’ అన్నారు. ఇంకోసారి అడిగితే అదే జవాబు వస్తుంది. ఆయన చేతిలో లేనిది ఆయన చెప్పలేరు. అందుకని ప్రశ్న మార్చాను. ‘ఆలస్యంగా నాట్లు వేసిన శివారు పొలానికి ఇంకా రెండు తడులు కావాలి. ఆ రైతు మీ తమ్ముడైతే ఈ రాత్రి ఏం చెప్తారు?’ ఆయన కాసేపు ఆలోచించి, ‘ఒక తడి వంతులో వస్తుంది. రెండోదానికి ఇంజన్ చూసుకోమంటాను’ అన్నారు. మర్నాడు పొద్దున్నే ఆయిల్ ఇంజన్లు అద్దెకిచ్చేవాళ్ళ దగ్గర జనం. అవతలి మనిషి పదవిలో లేని జవాబు ఆయన అనుభవంలో ఉంటుంది. ప్రశ్న ఆ వైపు తిప్పాలి, గద్దించి కాదు, గౌరవంగా.

కొబ్బరికి నల్లి సోకినప్పుడు అంబాజీపేట పరిశోధన కేంద్రం శాస్త్రవేత్తలు, వరి రకాల గురించి మార్టేరు వరి పరిశోధన కేంద్రం వాళ్ళు, దోమపోటు వచ్చిన ఏడు వ్యవసాయాధికారులు, అందరూ ఆ కుర్చీలో కూర్చున్నారు. స్వర్ణ వరి రకం పుట్టిన మార్టేరు వాళ్ళని స్వర్ణ గురించే రైతులు నిలదీసిన రోజులున్నాయి. రాజకీయ నాయకులూ వచ్చారు, కానీ నిజం చెప్పాలంటే వాళ్ళతో చేసినవి ఒక్కటీ నాకు గుర్తు లేదు. వాళ్ళు మాట్లాడేది రేపటి గురించి కాదు, వచ్చే ఎన్నిక గురించి.

1996 నవంబరు 6 రాత్రి తుఫాను మా పనిని ఒక్క దెబ్బతో తుడిచిపెట్టేసింది. తెల్లారేసరికి చెట్లు నేలమీద, స్తంభాలు నేలమీద, మా కేబుల్ వైరు కొబ్బరి మట్టల కింద. వెయ్యిమందికి పైగా పోయారు. వేటకి వెళ్ళి తిరిగిరానివాళ్ళు ఎందరో. కరెంటు లేదు, టీవీ ఎవరికి? అయినా కెమెరా బ్యాటరీని ట్రాక్టరు దగ్గర ఛార్జి చేసుకుని తిరిగాం. ఒక్కో ఊళ్ళో బతికి ఉన్నవాళ్ళని వరసగా నిలబెట్టి పేరు, ఊరు, ఎక్కడున్నారో చెప్పించాం. తరవాత ఒక టీవీ, జనరేటరు ట్రాలీలో ఎక్కించుకుని బడుల్లో పెట్టిన పునరావాస కేంద్రాలకి సాయంత్రాలు తీసుకెళ్ళాం. తన కొడుకు మొహం కనపడగానే ఒక అమ్మ తెర దగ్గరకి వచ్చి గాజు మీద చెయ్యి వేసింది. నా పనిలో అంతకంటే పెద్ద రోజు లేదు. కేబుల్ లేకపోయినా, స్టూడియో లేకపోయినా అది మా ఏడింటి కార్యక్రమమే.

వరద రోజుల సంగతి కూడా చెప్పాలి. లంకల్లో వాళ్ళకి మూడు అంకెలు కంఠతా. భద్రాచలంలో 43, 48, 53 అడుగులకి ఒకటి, రెండు, మూడు హెచ్చరికలు. ధవళేశ్వరంలో 11.75, 13.75, 17.75 అడుగులు. నీళ్ళు 10 లక్షల క్యూసెక్కులు దాటితే మొదటిది, 13కి రెండోది, 17కి మూడోది. భద్రాచలం నీరు ధవళేశ్వరం చేరడానికి ఇంచుమించు ఒక రోజు, అక్కణ్ణుంచి లంకలకి ఇంకొన్ని గంటలు. కాబట్టి సాయంత్రం ఏడింటికి భద్రాచలం అంకె చదివితే అది రేపటి రాత్రి లంక గురించి చెప్పినట్టు. 1986 ఆగస్టులో 35 లక్షల క్యూసెక్కులు వచ్చినప్పుడు ఈ అంకెలు ఇంటింటికీ చెప్పే సాధనం మన దగ్గర లేదు. 2006 ఆగస్టులో ఏటిగట్లకి గండ్లు పడ్డప్పుడు ఉంది. ఆ రోజుల్లో కుర్చీలో కూర్చున్న ఇంజనీరు గారి పక్కన నల్లబల్ల పెట్టి అంకెలు రాయించాం.

ఒక తప్పు నాది ఉంది. ఒక వరదలో పొద్దున తీసుకున్న భద్రాచలం అంకెనే సాయంత్రం చదివేశాను. మధ్యాహ్నం ఫోను దొరకలేదు, పాతదే ఉందిలే అనుకున్నాను. ఆ అంకె నమ్మి ఒక లంకలో ఒక ఇంటివాళ్ళు పశువుల్ని ఆ రాత్రి తోలుకురాలేదు. రెండు పాడి గేదెలు పోయాయి. వాళ్ళు నన్ను ఒక్క మాట అనలేదు, అదే ఇప్పటికీ బాధ. ఆ మర్నాటి నుంచి ఏ అంకె చదివినా అది ఎన్ని గంటలదో చెప్పకుండా చదవలేదు. మీరు వరద వార్త ఇస్తే ఈ ఒక్కటి మరిచిపోవద్దు. యూట్యూబులో పాత వీడియో మూడు రోజుల తరవాత కూడా పైకి వస్తుంది కాబట్టి మీకు ఇది ఇంకా ముఖ్యం. తారీకు, గంట, రెండూ తెర మీద పెద్దక్షరాల్లో ఉండాలి.

ఎందుకు ఆగిపోయింది అంటే, చాలామంది 24 గంటల వార్తా ఛానళ్ళ పేరు చెప్తారు. 2004లో టీవీ9 వచ్చాక మా కుర్రాళ్ళు చాలామంది వాటికి ఊరి వార్తలు పంపే స్ట్రింగర్లుగా వెళ్ళిపోయిన మాట నిజమే. కానీ చూసేవాళ్ళు తగ్గలేదు. 2011లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించినప్పుడు పెద్ద ఛానళ్ళన్నీ వచ్చాయి, అయినా ‘మా ఊరు విరామంలో ఉందా లేదా’ అన్నది తెలుసుకోవడానికి జనం మా ఏడింటికే కూర్చున్నారు. అసలు దెబ్బ సెట్‌టాప్ బాక్సు. డిజిటల్ విధానం మహానగరాల్లో 2012లో మొదలై 2017 మార్చికి చిన్న ఊళ్ళ దాకా వచ్చేసింది. అంతకుముందు ఆపరేటరు తన గదిలోనే ఒక మాడ్యులేటరు పెట్టుకుని తన ఛానల్ కలుపుకునేవాడు. డిజిటల్ అయ్యాక సిగ్నల్ ఎక్కడో దూరంలో, ఛానళ్ళన్నీ కలిపి పంపే పెద్ద హెడ్ఎండ్ నుంచి తాళం వేసి వస్తుంది. మన ఛానల్ అందులో ఉండాలంటే అక్కడికి పంపాలి, చోటుకి డబ్బు కట్టాలి. గేదె తప్పిపోయిన స్క్రోలింగు డబ్బుతో అది కుదిరే పని కాదు. చాలా ఊళ్ళలో ఒకరి తరవాత ఒకరు చప్పుడు లేకుండా ఆపేశారు. మేమూ ఆపేశాం.

మీరు మొదలుపెట్టేటప్పుడు టైము పెట్టుకోండి. ఎప్పుడైనా చూసుకోవచ్చు కదా అని ఎప్పుడో ఒకప్పుడు పెట్టొద్దు. ఏడింటికి అంటే ఏడింటికే లైవ్. వార్తలు పది నిమిషాలు మించొద్దు. కుర్చీలో మనిషి రోజూ ఉండాలి, ఆ మనిషి రేపు పొద్దున అదే బజారులో తిరిగేవాడై ఉండాలి. ఇప్పుడు కోనసీమ సొంత జిల్లా అయింది, కలెక్టరాఫీసు అమలాపురంలోనే ఉంది. పంటు దాటి క్యాసెట్టు రావక్కర్లేదు. మాకు లేని ఆ వసతి వాడుకోండి.

చరిత్ర కావాలన్నావు కదా, అది ఎక్కడుందో కూడా చెప్పాలి. మా కార్యక్రమాల్లో పదో వంతు కూడా మిగల్లేదు. క్యాసెట్టు ఖరీదు, అందుకని ఒకదాని మీదే పదేసి సార్లు రికార్డు చేసేవాళ్ళం. పాసర్లపూడి మంట మీద పెళ్ళి, పెళ్ళి మీద మున్సిపల్ ఎన్నికలు. చట్టం చెప్పిన రిజిస్టర్లు ఏడాది కాగానే కిలోల లెక్కన పోయాయి. నా దగ్గర తుఫాను నాటివి నాలుగు, వరదవి రెండు ఉన్నాయి. మీ ఇళ్ళల్లో, పాత ఆపరేటర్ల అటక మీద ఇంకా ఉండవచ్చు. దొరికితే తొందరపడి వీసీఆర్‌లో పెట్టొద్దు. మన తేమకి టేపు మీద తెల్లటి బూజు పడుతుంది, అలాగే తిప్పితే టేపు చిరుగుతుంది, వీసీఆర్ హెడ్ పాడవుతుంది, ఆ బూజు తరవాత పెట్టే క్యాసెట్టుకీ అంటుకుంటుంది. క్యాసెట్టు కిటికీలోంచి చూస్తే చుట్ట అంచున తెల్లమచ్చలు కనిపిస్తాయి. అలాంటివి పుస్తకాల్లా నిలబెట్టి, పొడిగా ఉన్న చోట, ఎండ తగలకుండా విడిగా ఉంచండి. శుభ్రం చేసి కంప్యూటర్లోకి ఎక్కించడం నాకు తెలుసు, పని చేసే వీసీఆర్ ఒకటి ఇంకా ఉంది. ఏ ఊరిదైనా, అట్ట మీద ఏమీ రాయకపోయినా తీసుకురండి.